గోల్‌పోస్టుల నడుమ ఒక జీవితం: పీటర్ తంగరాజ్ క్రీడా ప్రస్థానం

మంత్రాలయం: సాయంత్రం బడి వదిలాక ఖాళీ జాగాలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడే తీరును కాసేపు గమనిస్తే ఒక సంగతి బోధపడుతుంది. రెండు రాళ్లో, రెండు పుస్తకాల సంచులో పెట్టి అదే గోల్ అనుకుంటారు. పరుగు వచ్చినవారంతా బంతి వెంట పోతారు. పరుగు చేతకానివాడినో, అందరికంటే చిన్నవాడినో ఆ రాళ్ల మధ్య నిలబెడతారు. గోల్ పడితే తిట్లు వానికే. ఆపితే మాత్రం మెచ్చుకునేవారు తక్కువ. ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్ స్థానం అంతటి చులకనైనది, అంతటి కీలకమైనది కూడా. ఆ స్థానంలో నిలిచి ఆసియా ఖండంలోనే మేటి అనిపించుకున్న క్రీడాకారుడు మన హైదరాబాద్ నగరంలో పుట్టారంటే నేటి తరంలో నమ్మేవారు అరుదు. ఆయనే పీటర్ తంగరాజ్.

రెండు ఒలింపిక్స్, మూడు ఆసియా క్రీడలు, ఒక స్వర్ణ పతకం, అర్జున పురస్కారం ఆయన ఖాతాలో ఉన్నాయి. ఇంతటి గోల్‌కీపర్ తెలుగు నేల మీద మరొకరు రాలేదు. అయినా ఆయన జీవితం చాలావరకు సొంత ఊరికి దూరంగానే గడిచింది. ఆట వల్ల కీర్తి వచ్చింది. తిండి మాత్రం సైన్యం, కలకత్తా క్లబ్బులు, చివరకు ఒక ఉక్కు నగరం పెట్టాయి. గోల్‌కీపర్ వృత్తి గురించి తెలుసుకోగోరే వారికి ఆయన కథ ఆద్యంతం పాఠ్యగ్రంథం వంటిది.

18 చదరపు మీటర్ల కాపలా

ముందుగా ఆ స్థానం స్వరూపం తెలుసుకోవాలి. గోల్‌పోస్టుల మధ్య దూరం 7.32 మీటర్లు, అడ్డుకర్ర ఎత్తు 2.44 మీటర్లు. అంటే దాదాపు 18 చదరపు మీటర్ల ఖాళీని ఒక్క మనిషి కాపాడాలి. పెనాల్టీ కొట్టే చోటు గోల్ గీతకు 11 మీటర్ల దూరంలో ఉంటుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తన్నిన బంతి ఆ దూరాన్ని 0.4 సెకను వ్యవధిలో దాటుతుంది. బంతి కాలి నుంచి వదిలాక ఎటు వెళుతుందో చూసి, ఆలోచించి, దూకడానికి ఆ వ్యవధి చాలదు. అందువల్ల కొట్టేవాని నడుము తిరిగే తీరు, నిలువు కాలి మడమ దిశ చూసి ముందే ఒక వైపు నిర్ణయించుకుని దూకుతారు. తప్పితే అభాసుపాలు, ఒప్పితే వీరుడు.

జట్టులో పదకొండు మందిలో చేతితో బంతిని తాకే హక్కు ఒక్క గోల్‌కీపర్‌కే ఉంది. అదీ తన పెనాల్టీ ప్రాంతం లోపలే. మిగిలిన పది మందికి తప్పు చేసినా వెనుక మరొకరు ఉంటారు. ఆయన వెనుక వల మాత్రమే ఉంటుంది.

తంగరాజ్ ఆడిన కాలంలో ఈ పని ఇంకా కఠినమైనది. తోలు బంతి వానకు తడిస్తే బరువెక్కేది. నేడు వాడే మెత్తని పట్టున్న చేతొడుగులు అప్పటికి రాలేదు. బంతి చేతిలో పట్టుకుని ఉన్న గోల్‌కీపర్‌ను ఎదుటి జట్టువారు భుజంతో ఢీకొట్టినా నాటి నిబంధనలు అభ్యంతరం చెప్పేవి కావు. 1958లో ఇంగ్లండ్ ఎఫ్.ఎ. కప్పు ఫైనల్లో బోల్టన్ ఆటగాడు నాట్ లాఫ్ట్‌హౌస్ మాంచెస్టర్ యునైటెడ్ గోల్‌కీపర్ హ్యారీ గ్రెగ్‌ను బంతితో సహా వలలోకి తోసేశాడు. దానిని రిఫరీ గోల్‌గా ప్రకటించారు. నేడైతే అది తప్పక ఫౌల్.

అదే సమయంలో నాటివారికి ఒక సౌలభ్యమూ ఉండేది. సొంత జట్టు ఆటగాడు కాలితో వెనక్కి తన్నిన బంతిని గోల్‌కీపర్ చేతితో అందుకోవచ్చు. 1992లో ఆ వెసులుబాటు తొలగింది. నాటి నుంచి గోల్‌కీపర్ కాలితో ఆడటం నేర్వక తప్పలేదు. బంతిని చేతిలో ఎనిమిది సెకన్లకు మించి ఉంచుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్ ఇవ్వాలనే నిబంధన 2025లో అమల్లోకి వచ్చింది. ఇలా నియమాలు మారినా దూకడం, పట్టడం, వెనుక నుంచి అరిచి జట్టును నిలబెట్టడం అనే మూడు పనులు మారలేదు.

సికింద్రాబాద్ నుంచి సైన్యానికి

తంగరాజ్ 1935 డిసెంబరు 24న హైదరాబాద్‌లో జన్మించారు. పేరును బట్టి తమిళనాడు వారని భావించేవారు ఉన్నారు గానీ ఆయన ఆట పుట్టింది జంటనగరాల మైదానాల్లోనే. సికింద్రాబాద్‌లో మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల తరఫున తొలి అడుగులు వేశారు. కంటోన్మెంట్ ప్రాంతమైన సికింద్రాబాద్‌లో ఫుట్‌బాల్ అప్పటికే ఇంటి ఆట. భారత జట్టుకు వన్నె తెచ్చిన తులసీదాస్ బలరాం స్వస్థలం కూడా సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడయే.

నాటి హైదరాబాద్ ఫుట్‌బాల్ వైభవం ఎంతటిదో చెప్పడానికి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ఒక్కటి చాలు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే. డ్యూరాండ్ కప్పును 1950లోనూ, 1954లోనూ గెలిచింది. ఆ జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. భారత జట్టు బాధ్యతలు కూడా 1950 నుంచి కన్నుమూసే వరకు అధిక భాగం ఆయనవే. ఇలాంటి నగరంలో కుర్రవానికి కాళ్ల కింద బంతి ఉండటంలో వింత లేదు. వింత ఏమిటంటే తంగరాజ్ మొదట్లో గోల్‌కీపర్ కారు. గోల్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్.

1953లో ఆయన సైన్యంలో చేరారు. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించిన సంవత్సరం అదే. హైదరాబాద్ అప్పటికి వేరే రాష్ట్రం. ఉద్యోగ భద్రత లేని ఇంటి కుర్రవాళ్లకు సైన్యం, పోలీసు, రైల్వే ఈ మూడే ఆటతో పాటు జీతం ఇచ్చే చోట్లు. తంగరాజ్‌ను నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ చేర్చుకుంది. ఆ జట్టులోనే సెంటర్ ఫార్వర్డ్ గోల్‌కీపర్‌గా మారారు. ఆరడుగులు దాటిన ఎత్తు, పొడవాటి చేతులు గోల్‌లో పెట్టుబడిగా పనికివచ్చాయి. అంతకంటే ముఖ్యమైనది మరొకటి. గోల్ కొట్టేవాడు ఏ క్షణంలో ఎటు ఆలోచిస్తాడో ఆయనకు సొంత అనుభవం. దొంగ దారి తెలిసినవాడే కాపలాకు కుదిరాడన్నమాట.

ఫలితం త్వరలోనే కనిపించింది. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ 1955లో డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1957లో మళ్లీ హైదరాబాద్ సిటీ పోలీసు నెగ్గగా, 1958లో మద్రాస్ రెజిమెంట్ రెండోసారి కైవసం చేసుకుంది. దేశంలోని అతి పురాతన ఫుట్‌బాల్ టోర్నీలో ఒక వైపు సొంత నగరం పోలీసులు, మరో వైపు తాను చేరిన సైనిక జట్టు వంతులు వేసుకుని గెలుస్తుంటే తంగరాజ్ రెండో పక్షాన నిలిచారు.

మెల్‌బోర్న్, టోక్యో, రోమ్

1955లో ఢాకాలో జరిగిన ఆసియా క్వాడ్రాంగులర్ టోర్నీలో ఆయన భారత్ తరఫున తొలిసారి బరిలోకి దిగారు. మరుసటి సంవత్సరమే మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో చోటు దొరికింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి నెల రోజులే. రహీం శిక్షణలోని ఆ జట్టులో తంగరాజ్, బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదీలు అనేకులున్నారు. 1956 డిసెంబరు 1న ఆతిథ్య ఆస్ట్రేలియాను భారత్ 4-2 గోల్స్‌తో ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ సాధించారు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా భారత్ పేరు నిలిచింది. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో 1-4తో, కాంస్యం పోరులో బల్గేరియా చేతిలో 0-3తో ఓడి నాలుగో స్థానం పొందింది. నాలుగేళ్ల కిందట హెల్సింకీలో అదే యుగోస్లావియా భారత్‌పై పది గోల్స్ కొట్టిందని గుర్తుంచుకుంటే ఈ నాలుగో స్థానం విలువ తెలుస్తుంది.

ఆ ఒలింపిక్స్ స్వర్ణం సోవియట్ యూనియన్‌కు దక్కింది. వారి గోల్‌కీపర్ లెవ్ యాషిన్. ఐరోపా ఉత్తమ ఆటగానికి ఇచ్చే బాలన్ డోర్ పురస్కారాన్ని 1963లో గెలుచుకున్న ఆయన, ఆ ఘనత సాధించిన ఏకైక గోల్‌కీపర్‌గా నేటికీ నిలిచి ఉన్నారు. గోల్ కొట్టేవారికి లోకం ఎంత పెద్దపీట వేస్తుందో, ఆపేవారిని ఎంతగా మరచిపోతుందో ఈ ఒక్క లెక్కే చెబుతుంది.

గోల్‌కీపర్‌కు మరో బాధ ఉంది. జట్టులో ఆ చోటు ఒక్కటే. రెండో గోల్‌కీపర్ ఎంత సమర్థుడైనా మొదటివాడు జబ్బుపడితేనో, ఫామ్ కోల్పోతేనో తప్ప అవకాశం రాదు. మెల్‌బోర్న్ జట్టులో తంగరాజ్‌తో పాటు బొంబాయికి ఆడిన ఎస్.ఎస్. నారాయణ్ ఉన్నారు. జకార్తాలో బెంగాల్‌కు చెందిన ప్రద్యోత్ బర్మన్ ఉన్నారు. ఒకే గది, ఒకే సాధన, ఒకే కుర్చీ కోసం ఇద్దరు. ఈ పోటీలో చేదు పుట్టకుండా నెట్టుకురావడం కూడా ఆ వృత్తిలో భాగమే.

1958లో టోక్యో ఆసియా క్రీడల్లో భారత్‌కు పతకం రాలేదు. నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. కానీ ఆ ఏడాది ఆసియా ఉత్తమ గోల్‌కీపర్ గౌరవం తంగరాజ్‌ను వరించింది. ఓడిన జట్టు గోల్‌కీపర్‌కే ఎక్కువ పని పడుతుందనేది ఆటలో అందరికీ తెలిసిన సత్యం.

1960లో రోమ్ ఒలింపిక్స్‌లో భారత్‌కు కఠినమైన గ్రూపు ఎదురైంది. హంగరీతో 1-2 తేడాతో ఓడింది. ఆ హంగరీ జట్టులో తరువాత 1967లో బాలన్ డోర్ గెలిచిన ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్నారు. భారత్ గోల్ బలరాం కొట్టారు. ఫ్రాన్స్‌తో మ్యాచ్‌లో కెప్టెన్ పి.కె. బెనర్జీ గోల్‌తో ఆధిక్యం సాధించినా చివరలో ఫ్రాన్స్ సమం చేసి 1-1తో ముగించింది. పెరూతో 1-3తో ఓడటంతో భారత్ ప్రయాణం ముగిసింది. ఫుట్‌బాల్‌లో భారత్ ఒలింపిక్స్‌కు వెళ్లడం అదే ఆఖరు. ఆ తరువాత మళ్లీ అర్హత సాధించలేదు. అదే కాలంలో తంగరాజ్ సారథ్యంలోని సర్వీసెస్ జట్టు 1960 సంతోష్ ట్రోఫీని గెలిచింది. గోల్‌కీపర్ కెప్టెన్ కావడం అరుదు. మైదానం మొత్తం కళ్లెదుట కనిపించే చోట నిలిచేవానికి ఆ బాధ్యత అప్పగించడం సమంజసమే.

జకార్తాలో ఆఖరి ఐదు నిమిషాలు

ఆయన జీవితంలో శిఖరం 1962 జకార్తా ఆసియా క్రీడలు. ఆటకంటే ముందు రాజకీయం వేడెక్కింది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా వీసాలు నిరాకరించగా, భారత్‌కు చెందిన క్రీడా పాలకుడు గురుదత్ సోంధీ దానిని తప్పుపట్టారు. ఈ పోటీలకు ఆసియా క్రీడలనే పేరు తగదన్నారు. స్థానికులు ఆగ్రహించి భారత రాయబార కార్యాలయంపై దాడికి దిగారు. మైదానంలో భారత జట్టు కనిపిస్తే చాలు ఈలలు, కేకలు. ఆ శత్రుత్వం నడుమ పదకొండు మంది ఆడాలి.

ప్రారంభమూ బాగాలేదు. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2-0తో భారత్‌ను ఓడించింది. తరువాత థాయ్‌లాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0 విజయాలతో కోలుకుంది. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటి ఫైనల్ చేరింది. ఎదుట మళ్లీ దక్షిణ కొరియాయే. టోర్నీలో ప్రద్యోత్ బర్మన్ కూడా గోల్‌లో నిలిచినప్పటికీ, ఫైనల్‌కు రహీం తంగరాజ్‌ను ఎంచుకున్నారు. రక్షణ ఆటగాడైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆ తలతో రక్షణలో నిలవడం కష్టమని ఆయనను ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించడం రహీం సాహసం. అప్పటికే రహీంను క్యాన్సర్ కబళిస్తోంది.

సెప్టెంబరు 4న సెనయాన్ మైదానంలో లక్షమందికి చేరువైన జనం. దాదాపు అందరూ భారత్‌కు వ్యతిరేకులే. పాకిస్థాన్ హాకీ జట్టు మాత్రం భారత్‌కు మద్దతుగా కేకలు వేసిందని ఆ తరం ఆటగాళ్లు చెప్పుకునేవారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో కుట్ల తలతోనే జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. మూడు నిమిషాల్లో ఆట మలుపు తిరిగింది. అక్కడి నుంచి గంటకు పైగా బరువంతా వెనుక వారిదే. గోల్‌లో తంగరాజ్, ఆయన ముందు చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్, అరుణ్ ఘోష్. తొలి మ్యాచ్‌లో తమను ఓడించిన జట్టును రెండో అర్ధభాగం అంతా ఆపగలిగారు. 85వ నిమిషంలో చా టే-సంగ్ గోల్‌తో కొరియా ఖాతా తెరిచింది.

మిగిలింది ఐదు నిమిషాలు. 2-1 ఆధిక్యంలో ఉన్న జట్టు గోల్‌కీపర్‌కు అంతకంటే దీర్ఘమైన ఐదు నిమిషాలు ఉండవు. ఇంకొక్క గోల్ పడితే స్టేడియం అంతా పండగ చేసుకునే చోట, పక్కన మాట సాయానికి ఎవరూ లేని చోట నిలబడాలి. ఆ గోల్ పడలేదు. భారత్ స్వర్ణం గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ స్వర్ణం 1951లో ఒకసారి, 1962లో ఒకసారి వచ్చింది. పురుషుల ఫుట్‌బాల్‌లో 1970 కాంస్యం తరువాత మరే పతకమూ రాలేదు.

ఫైనల్ ఆడిన పదకొండు మందిలో తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ హైదరాబాద్ వారు. శిక్షకుడు సరేసరి. రహీం 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆయన జీవితంపై అజయ్ దేవగణ్ ప్రధాన పాత్రలో వచ్చిన ‘మైదాన్’ హిందీ చిత్రం 2024లో విడుదలై ఈ కథను కొత్త తరానికి చేరవేసింది.

కలకత్తా క్లబ్బులు, జీవిక

సైన్యం వదిలాక తంగరాజ్ కలకత్తా చేరారు. మొహమ్మదన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఈ మూడు పెద్ద క్లబ్బులకూ ఆడిన అరుదైన ఆటగాళ్లలో ఆయన ఒకరు. ఈ మూడింటి అభిమానుల మధ్య ఉండే పట్టింపు మన వైపు అగ్ర సినీ కథానాయకుల అభిమానుల మధ్య ఉన్నదానికేమీ తీసిపోదు. ఒక క్లబ్బు నుంచి మరో క్లబ్బుకు మారిన ఆటగాణ్ణి అనుమానంగా చూసే ఊరిలో మూడింటికీ కాపలా కాయడం ఆయన పట్ల ఉన్న నమ్మకానికి గుర్తు.

నాటి భారత ఫుట్‌బాల్ కాగితాల మీద అమెచ్యూర్ ఆట. అంటే ఆడినందుకు వేతనం తీసుకోరాదు. ఒలింపిక్స్‌లో ఆడాలంటే ఈ నియమం తప్పనిసరి. మరి బతుకు ఎలా? రైల్వేలో, కస్టమ్స్‌లో, పోలీసులో, సైన్యంలో ఉద్యోగం ఇచ్చి, ఆటకు సెలవు ఇచ్చేవారు. పి.కె. బెనర్జీ తూర్పు రైల్వే ఉద్యోగి. బలరాం కలకత్తాలో ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, తరువాత బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టుకు మారారు. క్లబ్బులు తెర వెనుక ఏదో ముట్టజెప్పేవి. ఆ మొత్తంతో ఇల్లు కట్టినవారు తక్కువే. నేటి కోట్ల ఒప్పందాలను చూసి ఆ తరాన్ని కూడా వృత్తి ఆటగాళ్లనడం పూర్తిగా సరికాదు. పని మాత్రం వృత్తి ఆటగాళ్లదే. రోజూ సాధన, ఏడాది పొడవునా మ్యాచ్‌లు, మోకాలికి దెబ్బ తగిలితే ఉద్యోగమే దిక్కు.

1966లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లోనూ తంగరాజ్ ఆడారు. భారత్ గ్రూపు దశ దాటలేదు. 1967లో కేంద్ర ప్రభుత్వం అర్జున పురస్కారంతో ఆయనను సత్కరించింది. ఈ పురస్కారం పొందిన తొలి గోల్‌కీపర్ ఆయనే. 1962లో బలరాం, 1966లో యూసుఫ్ ఖాన్, 1967లో తంగరాజ్, 1970లో సయ్యద్ నయీముద్దీన్. తొమ్మిదేళ్లలో నలుగురు హైదరాబాదీ ఫుట్‌బాల్ ఆటగాళ్లకు అర్జున దక్కిందంటే ఆ నగరం ఒకప్పటి స్థాయిని ఊహించుకోవచ్చు. తంగరాజ్ తరువాత గోవాకు చెందిన బ్రహ్మానంద్ సంఖ్వాల్కర్‌కు 1997లో, సుబ్రతా పాల్‌కు 2016లో, గుర్‌ప్రీత్ సింగ్ సంధూకు 2019లో ఈ గౌరవం లభించింది.

ఆయన 1970ల తొలినాళ్లలో ఆటకు వీడ్కోలు చెప్పారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం జట్టుకు శిక్షణ ఇచ్చారు. గోవాలో వాస్కో క్లబ్బుకు శిక్షకునిగా పనిచేశారు. చివరకు జార్ఖండ్‌లోని బొకారో ఉక్కు నగరంలో స్థిరపడి అక్కడి కుర్రవాళ్లకు ఆట నేర్పారు. గుండెపోటుతో 2008 నవంబరు 24న బొకారోలోనే కన్నుమూశారు. మరో నెల గడిస్తే 73 ఏళ్లు నిండేవి.

దీర్ఘాయువు గల స్థానం

పరుగు మీద ఆధారపడే ఆటగాళ్లు ముప్పై దాటగానే వెనుకబడతారు. గోల్‌కీపర్ లెక్క వేరు. వయసుతో పాటు బంతి దారిని చదివే నేర్పు పెరుగుతుంది. ఇటలీకి చెందిన డినో జోఫ్ 1982లో 40 ఏళ్ల వయసులో జట్టు సారథిగా ప్రపంచకప్పు అందుకున్నారు. ఈజిప్టు గోల్‌కీపర్ ఎస్సామ్ ఎల్ హదారీ 2018 ప్రపంచకప్పులో 45 ఏళ్ల వయసులో ఆడి పెనాల్టీని ఆపారు. బఫన్ 2023లో విరమించేనాటికి ఆయనకూ 45 ఏళ్లే. ఈ ఓపికకు మరో పార్శ్వం కూడా ఉంది. సీనియర్ తప్పుకొనేదాకా జూనియర్ ఏళ్ల తరబడి బల్ల మీద కూర్చోవాల్సిందే.

మన దేశంలో గోల్‌కీపర్ల విషయంలో కొంత మార్పు వచ్చింది. గుర్‌ప్రీత్ నార్వేలోని స్టాబెక్ క్లబ్బుకు ఆడుతూ 2016లో యూరోపా లీగు పోటీలో పాల్గొన్న తొలి భారతీయుడయ్యారు. మహిళల్లో అదితి చౌహాన్ 2015లో ఇంగ్లండ్ వెళ్లి వెస్ట్‌హామ్ మహిళల జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడారు. 2025లో ఆటకు వీడ్కోలు పలికారు. 2022లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షునిగా ఎన్నికైన కల్యాణ్ చౌబే సైతం మాజీ గోల్‌కీపరే.

వృత్తి లీగుల విషయానికి వస్తే 1996లో జాతీయ ఫుట్‌బాల్ లీగు, 2007లో ఐ-లీగు, 2014లో ఇండియన్ సూపర్ లీగు మొదలయ్యాయి. తంగరాజ్ కాలానికి లేనిది ఇదే. ఒప్పందం, జీతం, ప్రత్యేక గోల్‌కీపింగ్ శిక్షకుడు, ఫిజియో. అయితే ఈ భరోసా కూడా పటిష్ఠమైనది కాదు. వాణిజ్య హక్కుల ఒప్పందం తేలక 2025లో సూపర్ లీగు ప్రారంభమే నిలిచిపోయింది. ఆటగాళ్ల జీతాలు ప్రశ్నార్థకమయ్యాయి. అరవై ఏళ్ల కిందట రైల్వే ఉద్యోగం ఎందుకు ముద్దయిందో ఆ ఏడాది యువ ఆటగాళ్లకు అర్థమై ఉంటుంది.

హైదరాబాద్ పేరుతో 2019లో సూపర్ లీగు క్లబ్బు ఏర్పడింది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1తో సమమై, పెనాల్టీల్లో 3-1తో గెలిచి విజేత అయింది. ఆ రాత్రి మూడు పెనాల్టీలు ఆపిన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి. గోవా కుర్రవాడు. తంగరాజ్ పుట్టిన నగరానికి ఆరు దశాబ్దాల తరువాత గోల్‌కీపర్ చేతుల మీదుగానే ఒక కప్పు వచ్చింది. ఆ ఆనందం ఎక్కువకాలం నిలవలేదు. ఆర్థిక ఇబ్బందుల తరువాత 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది.

గరుసు నేల, నది ఇసుక

కర్నూలు, కడప ప్రాంతాల్లో గోల్‌కీపర్ తయారు కావడానికి మొదటి అడ్డంకి ఏమిటని అడిగితే డబ్బు కంటే ముందు నేల అనే జవాబు వస్తుంది. గోల్‌కీపర్ సాధన అంటే రోజుకు వందసార్లు పక్కకు దూకడం, పడటం, లేవడం. పచ్చిక మీద అది సాధ్యం. మన బడుల మైదానాల గరుసు నేల మీద రెండుసార్లు దూకేసరికి మోచేతులు, తుంటి చెక్కుకుపోతాయి. మూడోసారి కుర్రవాడు దూకడు, కాలు చాపుతాడు. కాలు చాపే అలవాటు పడ్డవాడు గోల్‌కీపర్ కాలేడు. వేసవిలో తుంగభద్ర తగ్గి ఇసుక తేలినప్పుడు మంత్రాలయం రేవులో పిల్లలు వెరపు లేకుండా దూకి ఆడటం చూస్తే తేడా తెలుస్తుంది. ఆ ఇసుకకు ఖర్చు లేదు. చూపించేవారు కావాలి.

పక్కనే అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పచ్చిక మైదానాలు ఏర్పాటు చేసి గ్రామీణ బాలబాలికలకు ఫుట్‌బాల్ నేర్పుతుండటం ఈ ప్రాంతానికి ఊరట. పన్నెండు, పదమూడేళ్ల వయసులో ఎత్తు పెరుగుతున్న పిల్లలను గుర్తించి గోల్‌లో నిలబెట్టడం, వాలీబాల్ ఆడే పిల్లల చేతుల పట్టును ఇటు మళ్లించడం శిక్షకులు సాధారణంగా చేసే పనులు. వాలీబాల్ మన పల్లెల్లో కొదవలేదు. తంగరాజ్ కూడా వేరే స్థానం నుంచి గోల్‌కు వచ్చినవారే. అది కూడా ఇరవై ఏళ్ల వయసు దరిదాపుల్లో. ఆలస్యమైందన్న బెంగ ఎవరికీ అక్కరలేదు. శిక్షకుని వద్ద చేరిన పిల్లలకు తల్లిదండ్రులు మొదట కొనివ్వవలసింది మంచి బూట్లు, మోచేతి పట్టీలు. ఖరీదైన చేతొడుగులు ఆ తరువాత చూసుకోవచ్చు.

జకార్తా ఫైనల్ ఆడిన ముగ్గురు హైదరాబాదీల్లో యూసుఫ్ ఖాన్ 2006లో, తంగరాజ్ 2008లో మరణించారు. ఆటకు వీడ్కోలు పలికాక కూడా కలకత్తా సమీపంలోని ఉత్తరపాడాలోనే ఉండిపోయిన బలరాం 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో తుదిశ్వాస విడిచారు.